కోవిల్‌పట్టి నాదస్వరం



ఈ పూట ఒక నాదస్వర విద్వాంసుడి గురించి చెప్పుకుందాం. ఆయన పేరు వినగానే మీలో చాలామందికి గుర్తు రాకపోవచ్చు. కానీ ఆయన వాయించిన ఒక పాట పేరు చెబితే, "అదా! ఆ పాట తెలియనిదెవరికి?" అంటారు. ఆ పాట 'నీ లీల పాడెద దేవా'. 1962లో వచ్చిన 'మురిపించే మువ్వలు' చిత్రంలోది. పాడినవారు ఎస్. జానకి. ఆమె గొంతు ఒక మెట్టు ఎక్కితే నాదస్వరం రెండు మెట్లు ఎక్కుతుంది. నాదస్వరం ఒక మలుపు తిరిగితే ఆమె గొంతు అదే మలుపులో ఎదురవుతుంది. చివర స్వరాల దగ్గరకు వచ్చేసరికి ఏది గొంతో, ఏది వాద్యమో పోల్చుకోవడం కష్టమవుతుంది.

ఆ పాట తలచుకున్నప్పుడల్లా జానకి గారిని మెచ్చుకుంటాం. అది న్యాయమే. మరి ఆ రెండో గొంతు ఎవరిది? ఆ ఊపిరి ఎవరిది? ఆయన పేరు కారుకురిచ్చి అరుణాచలం. పుట్టింది తమిళనాడులో తిరునల్వేలి దగ్గర కారుకురిచ్చి అనే గ్రామంలో. స్థిరపడింది కోవిల్‌పట్టి పట్టణంలో. బతికింది నలభై మూడేళ్ళకు కొద్ది రోజులు తక్కువ. ఆ కొద్దికాలంలోనే పెళ్ళి పందిట్లో ఓ పక్కన మోగే వాద్యాన్ని, జనం పని మానుకుని వినే సంగీతంగా నిలబెట్టిన వారిలో ఆయన ఒకరు.

ముందుగా ఆ ప్రాంతం గురించి రెండు మాటలు చెప్పాలి. మధురై నుంచి దక్షిణంగా తిరునల్వేలి వెళ్ళే రైలెక్కితే మొదట విరుదునగర్ వస్తుంది. తరువాత సాత్తూరు, ఆ తరువాత కోవిల్‌పట్టి. విరుదునగర్‌కూ కోవిల్‌పట్టికీ మధ్య సుమారు యాభై కిలోమీటర్లు. దారి పొడుగునా నల్లరేగడి నేలలు. వాన పడితే పంట, లేకపోతే లేదు. ప్రత్తి, జొన్న, సజ్జ, మిరప అక్కడి పంటలు. విరుదునగర్ పప్పులకు, నూనెలకు, మిరపకాయలకు పేరు పొందిన వర్తక కేంద్రం. కోవిల్‌పట్టి అగ్గిపెట్టెల తయారీకీ, ప్రత్తి మిల్లులకూ, వేరుసెనగ పప్పుతో చేసే పప్పుచెక్కకూ పేరు పొందింది. కావేరి ఒడ్డున ఉన్న తంజావూరు సీమలాగా ఇక్కడ ఏడాది పొడుగునా కాలవల్లో నీళ్ళు పారవు. పచ్చని పొలాల మధ్య సంగీత విద్వాంసుల అగ్రహారాలు కనిపించవు.

ఈ సీమకూ మనకూ పాత బంధుత్వం ఉంది. విజయనగర కాలంలోనూ, ఆ తరువాత మధుర నాయకుల కాలంలోనూ తెలుగు కుటుంబాలు ఎన్నో ఈ నల్లరేగడి నేలలకు వచ్చి స్థిరపడ్డాయి. కమ్మవారు, రెడ్లు, కంబళత్తు నాయకులు, రాజపాళయం రాజులు, ఇంకా ఎన్నో కులాలవారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం. ఆ తెలుగుకు లిపితో పని లేదు. తల్లి నోట విని బిడ్డ నేర్చినదే ఆ భాష. ఇదే విరుదునగర్ జిల్లాలో శ్రీవిల్లిపుత్తూరు ఉంది. శ్రీకృష్ణదేవరాయల వారి 'ఆముక్తమాల్యద' కథ జరిగిన ఊరు అదే. కాబట్టి ఈ ప్రాంతం మ్యాపులో మనకు దూరమైనా మన సాహిత్యానికి దూరం కాదు.

సంగీతానికి అసలే దూరం కాదు. కోవిల్‌పట్టికి తూర్పున, బస్సెక్కితే అరగంటలో చేరుకోగల ఎట్టయపురం ఉంది. మహాకవి సుబ్రహ్మణ్య భారతి పుట్టిన ఊరు. ఆ సంస్థానాధీశులు తెలుగువారు. సంగీత త్రిమూర్తులలో ఒకరైన ముత్తుస్వామి దీక్షితులు 1835లో అక్కడే కన్నుమూశారు. ఆయన సమాధి ఇప్పటికీ అక్కడ ఉంది. ఆ వంశానికే చెందిన సుబ్బరామ దీక్షితులు అదే సంస్థానంలో ఆస్థాన విద్వాంసులుగా ఉండి 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అనే ఉద్గ్రంథాన్ని ప్రకటించారు. కర్ణాటక సంగీతానికి ప్రమాణ గ్రంథం అనదగ్గ ఆ పుస్తకం అచ్చయింది తెలుగు లిపిలో. తమిళదేశపు దక్షిణ కొసన, కరువు సీమలో, తెలుగులో అచ్చయిన సంగీత గ్రంథం! ఈ ఒక్క విషయం చాలు, ఆ నేలలో సంగీతానికి ఎంత లోతైన వేరు ఉందో తెలుసుకోవడానికి.

ఆ పక్కనే విళాత్తికుళం. అక్కడ నల్లప్పస్వామి అనే గాయకుడు ఉండేవారు. విళాత్తికుళం స్వామి అంటేనే జనానికి తెలుసు. ఆయన ఇంటి భాష తెలుగు. కృతులకంటే రాగాలాపన మీదే ఆయనకు మక్కువ. ఒక రాగం అందుకుంటే కాలం తెలియకుండా పాడుకుంటూ పోయేవారు. ఆయన సంగీతానికి మురిసిన కుర్రవాళ్ళలో ఇద్దరు తరువాత గొప్ప రచయితలయ్యారు. కోవిల్‌పట్టి దగ్గరి ఇడైసెవల్ గ్రామానికి చెందిన కి. రాజనారాయణన్, కు. అళగిరిసామి. ఇద్దరూ తెలుగు ఇళ్ళల్లో పుట్టి తమిళంలో రాసినవారే. ఇద్దరికీ సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. తెలుగు కుటుంబాలు వలస వచ్చి అడవి కొట్టి ఊరు కట్టుకున్న కథను రాజనారాయణన్ 'గోపల్ల గ్రామం' నవలగా రాశారు. ఈ మాటలన్నీ ఎందుకు చెబుతున్నానంటే, అరుణాచలం గారు స్థిరపడిన చోట వాద్యం వాయించేవారే కాదు, వినడం తెలిసినవారు కూడా ఉండేవారు. కళాకారుడికి గురువు ఎంత అవసరమో, వినేవాడూ అంతే అవసరం.

ఇక అరుణాచలం గారి కథకు వద్దాం. కారుకురిచ్చి తామ్రపర్ణి నది పక్క గ్రామం. మెత్తని కోర చాపలకు పేరుపొందిన పత్తమడై దానికి దగ్గరలోనే ఉంది. అక్కడ 1921 ఏప్రిల్ 26న అరుణాచలం పుట్టారు. తండ్రి పేరు బలవేశం. చిన్నప్పుడే నాదస్వరం చేతికి వచ్చింది.

ఆ వాద్యాన్ని అలవాటుగా చూస్తాం కానీ దాని కష్టం మనకు సరిగా తెలియదు. రెండడుగులకు మించిన కొయ్య గొట్టం. తమిళులు ఆచ్చా అనే చేవగల మానుతో చేస్తారు. కుంభకోణం దగ్గరి నరసింగంపేట ఈ పనికి పేరుపడిన ఊరు. పాత ఇళ్ళు పడగొట్టినప్పుడు దొరికే దూలాలూ, స్తంభాలూ అక్కడి వడ్రంగులకు బంగారం లాంటివి. ఏళ్ళ తరబడి ఎండిన కొయ్య అయితేనే నాదం నిలుస్తుంది. అక్కడ తయారయ్యే నాదస్వరానికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. గొట్టం పై కొసన రెల్లు జాతి గడ్డితో చేసిన పీక ఉంటుంది. అడుగున గంట ఆకారంలో అణసు. వేళ్ళతో మూసి తెరిచే రంధ్రాలు ఏడు. అడుగు భాగంలో ఉన్న మిగతా రంధ్రాలను మైనంతో సరిచేసి శ్రుతి కుదుర్చుకుంటారు.

హార్మోనియంలో మెట్టు నొక్కితే స్వరం దానంతట అదే పలుకుతుంది. నాదస్వరంలో అలా కాదు. ఒకే రంధ్రం దగ్గర ఊపిరి కొంచెం బిగిస్తే ఒక స్వరస్థానం, కొంచెం వదిలితే మరొకటి. పెదవి, నాలుక, ఊపిరి, వేలు నాలుగూ ఒక్క క్షణంలో ఒక్క మాట మీద నిలవాలి. పీక కొంచెం తడి ఎక్కువైనా, తక్కువైనా శ్రుతి కదిలిపోతుంది. పైగా పక్కనే డోలు ఉరుముతూ ఉంటుంది. ఇంతటి వాద్యం మీద పిల్లవాడి చెంప మీద చెయ్యి వేసి నిమిరినంత మెత్తగా ఒక గమకం పలికించాలంటే ఎన్నేళ్ళ సాధన కావాలో మీరే ఊహించుకోండి.

అరుణాచలం గారి అదృష్టం, ఆయనకు టి. ఎన్. రాజరత్నం పిళ్ళై గురువుగా దొరకడం. తిరువావడుదురై రాజరత్నం అంటే దక్షిణాదిన నాదస్వర చక్రవర్తి అని పేరు. 1898లో పుట్టి 1956 డిసెంబరులో గతించారు. ఆయన తోడి రాగం వాయిస్తే ఊళ్ళకు ఊళ్ళు నిద్రమాని వినేవట. కానీ ఆయన గొప్పతనం తోడితో ఆగలేదు. అంతకు ముందు వాడుకలో ఉన్నది తిమిరి నాదస్వరం. పొట్టిది, హెచ్చు శ్రుతిలో పలికేది. మైకు లేని రోజుల్లో ఊరేగింపుకు అది సరిపోయింది. రాజరత్నం పిళ్ళై నరసింగంపేట రంగనాథన్ ఆచారి చేత పొడుగైన, తగ్గు శ్రుతిలో గంభీరంగా పలికే బారీ నాదస్వరాన్ని రూపొందించుకున్నారు. వీధిలో కేకవేసే వాద్యం సభలో మాట్లాడే వాద్యమయింది.

ఆ రోజుల్లో నాదస్వరకారుడు చొక్కా తొడుక్కోకూడదు. ఉత్తరీయం నడుముకు చుట్టుకోవాలి. ధనవంతుల ఇళ్ళల్లో నిలబడే వాయించాలి. గాత్ర విద్వాంసుడికి వేదిక, ఈయనకు వాకిలి. రాజరత్నం పిళ్ళై దీన్ని ఒప్పుకోలేదు. క్రాపు పెంచారు, కోటు తొడిగారు, వేదిక మీద కూర్చుని కచేరీ చేశారు. గాయకులకు ఇచ్చే గౌరవం తన వాద్యానికీ ఇవ్వాలన్నారు. ఆయన అహంకారి అన్నవారు ఉన్నారు. ఆ అహంకారం లేకపోతే ఆయన తరువాతి తరం వాకిట్లోనే ఉండిపోయేది. ఆ తరంలో మొదట చెప్పుకోదగ్గవాడు అరుణాచలం.

రాజరత్నం పిళ్ళై పక్కన అరుణాచలం చాలాకాలం రెండో నాదస్వరం వాయించారు. నాదస్వర మేళంలో రెండోవాడి పని చూడటానికి చిన్నది. మొదటివాడు ఒక సంగతి విడిచిపెడితే దాన్ని అందుకోవాలి. ఆయన ఊపిరి తీసుకునే ఖాళీలో నాదం తెగిపోకుండా నిలపాలి. ఆయన ఎటు వెళతాడో ముందే పసిగట్టాలి, కానీ ఆయన కంటే ముందు వెళ్ళకూడదు. మన పల్లెల్లో జోడెద్దుల బండి తోలినవారికి ఈ సంగతి బాగా తెలుస్తుంది. ఎలపటెద్దు పక్కన కట్టిన కుర్ర దాపటెద్దు దారీ, బరువూ రెండూ నేర్చుకుంటుంది. గురుకుల విద్య అంటే అదే. పాఠం వేరుగా, కచేరీ వేరుగా ఉండదు. వేలమంది ముందు, ప్రతి రాత్రీ పాఠమే.

అక్కడొక ప్రమాదం కూడా ఉంది. అంత పెద్ద మాను నీడలో పెరిగిన మొక్క చాలాసార్లు ఆ మాను బొమ్మగానే మిగిలిపోతుంది. అరుణాచలం గారికి అలా జరగలేదు. గురువు నుంచి ఆయన తీసుకున్నది విస్తారం. రాగాన్ని తొందర లేకుండా, గది తరువాత గది తలుపు తీసినట్టు విప్పడం. తన వంతుగా చేర్చుకున్నది మాధుర్యం. గురువు నాదంలో రాజసం ఎక్కువ. శిష్యుడి నాదంలో తియ్యదనం ఎక్కువ. హెచ్చు స్థాయిలో కూడా ఆయన నాదం చెవికి గుచ్చుకోదు. వడిగా దొర్లే సంగతుల్లో కూడా ఒక్కొక్క స్వరం ముత్యంలా విడిగా వినిపిస్తుంది. ఆకాశవాణిలోనూ, గ్రామఫోను రికార్డులలోనూ మిగిలిన ఆయన వాదనం విన్నవారు ఈ తేడా ఇట్టే పట్టుకోగలరు.

రాగాలాపన అంటే ఏమిటో కూడా ఇక్కడ ఒక్క మాట చెప్పుకోవాలి. అది ముందుగా రాసిపెట్టుకుని వాయించేది కాదు. రాగానికి కట్టుబాట్లు ఉంటాయి, మిగిలినదంతా వాయించేవాడి ఆ క్షణపు ఊహ. అమెరికాలో పుట్టి డెన్మార్కు దాకా పాకిన జాజ్ సంగీతంలో కూడా వాద్యకారుడు ఒక చిన్న వరుసను తీసుకుని అప్పటికప్పుడు పెంచుతాడు. దానికి అక్కడ పెద్ద గౌరవం. వాద్యకారుడిని స్వరకర్తతో సమానంగా చూస్తారు. మరి రాత్రంతా దేవుడి పల్లకీ ముందు నడుస్తూ, నాలుగు మాడ వీధుల్లో ఒకే రాగాన్ని నాలుగు విధాలుగా పెంచే మన నాదస్వర విద్వాంసుడు స్వరకర్త కాడా? ఆయన కూర్పు కాగితం మీద ఉండదు, తెల్లవారేసరికి గాలిలో కలిసిపోతుంది. అందుకని దాన్ని తక్కువ చేసి చూడటం తగునా?

ఇలాంటి విద్వాంసుడు కోవిల్‌పట్టిలో స్థిరపడ్డారు. ఆలోచిస్తే అది నాదస్వరకారుడికి వీలైన ఊరే. మధురైకీ తిరునల్వేలికీ నడుమ రైలు మార్గం మీద, రహదారి మీద ఉంది. పెళ్ళిళ్ళ కాలంలో మేళం అంటే ఒక్క మనిషి కాదు. ఇద్దరు నాదస్వరాలవాళ్ళు, ఇద్దరు డోలువాళ్ళు, తాళం, శ్రుతి. ఈ రాత్రి ఒక ఊళ్ళో ఊరేగింపు, తెల్లవారి మరో ఊళ్ళో ముహూర్తం. అక్కడి వర్తకులకు పెళ్ళి అంటే కారుకురిచ్చి వారి మేళం ఉండాలి. గుడి ఉత్సవం అంటే ఆయన రావాలి. కోవిల్‌పట్టి చెణ్బగవల్లి అమ్మవారి గుడి, విరుదునగర్ మారియమ్మ గుడి, ఇంకా చుట్టుపక్కల పల్లెల్లో పేరు తెలియని గుళ్ళు ఎన్నో ఉన్న సీమ అది. ఏటా పంగుని మాసంలో, అంటే మన ఫాల్గుణ చైత్రాల నడుమ, విరుదునగర్ మారియమ్మకు పొంగలి ఉత్సవం జరుగుతుంది. ఆ జనసముద్రాన్ని చూసినవారికి తెలుస్తుంది, అంతమంది నడుమ ఒక్క గొట్టంలో ఊపిరి పోసి నిలబడటం ఎలాంటి పనో.

ఆ జనంలో శాస్త్రం తెలిసినవారు పదిమందికి ఒక్కరు ఉంటారో లేదో. తక్కినవారు రైతులు, మిల్లు కార్మికులు, అగ్గిపెట్టెలకు పుల్లలు పేర్చే ఆడవాళ్ళు. సభకు టిక్కెట్టు కొని వెళ్ళగలిగినవారు కారు. వారికి కల్యాణిని, ఖరహరప్రియను వినిపించింది నాదస్వరమే. పేర్లు తెలియకపోయినా రాగం చెవికి ఎక్కేది. తెల్లవారుఝామున భూపాలం, రాత్రి పవళింపు వేళకు నీలాంబరి. గుడి నుంచి గాలిలో తేలివచ్చే ఆ నాదం కరువు సీమ పల్లెవాడికి ఖర్చులేని సంగీత కళాశాల. అందుకే నాదస్వరాన్ని శుభకార్యానికి శాస్త్రం కోసం మోగించే వాద్యంగా మాత్రమే చూడటం దానికి అన్యాయం. జనానికి సంగీతం పంచిన వాద్యం అది.

ఇక 1962 సంగతి. ఎం. వి. రామన్ తమిళంలో 'కొంజుం సలంగై' అనే చిత్రం తీశారు. దాని తెలుగు రూపమే మనం చెప్పుకున్న 'మురిపించే మువ్వలు'. సంగీతం ఎస్. ఎం. సుబ్బయ్య నాయుడు. ఆయనదీ తిరునల్వేలి సీమే, కడయనల్లూరు. కథలో జెమినీ గణేశన్ నాదస్వర విద్వాంసుడు. ఆయన వాద్యానికి దీటుగా నాయిక సావిత్రి పాడాలి. తెర మీద జెమినీ చేతిలో ఉన్న నాదస్వరానికి ప్రాణం పోయడానికి కారుకురిచ్చి అరుణాచలాన్ని పిలిచారు. ఆయనకు దీటుగా పాడటం మాటలు కాదు. ఆ పాట మొదట పి. లీల దగ్గరకు వెళ్ళిందనీ, ఆమె జానకి పేరు సూచించారనీ చెబుతారు. జానకి అప్పటికి సినిమాల్లో పాడటం మొదలుపెట్టి ఐదేళ్ళు.

ఇక్కడ మనకు తెలియవలసిన ముచ్చట ఒకటుంది. గుంటూరు సీమలో రేపల్లె దగ్గర పల్లపట్లలో పుట్టిన జానకి గారికి సంగీతంలో తొలి పాఠాలు చెప్పినది పైడిస్వామి అనే నాదస్వర విద్వాంసుడు. గాత్రం నేర్చుకోవలసిన పిల్ల నాదస్వరం వాయించే గురువు దగ్గర స్వరాలు దిద్దుకుంది. ఆ గమకం, ఆ ఊపిరి పట్టు మొదటినుంచీ ఆమె చెవిలో ఉన్నాయన్నమాట. కోవిల్‌పట్టి నుంచి వచ్చిన నాదస్వరం ఆమెకు పరాయి వాద్యం కాదు. చిన్ననాటి గురువు భాషే. ఈ సంగతి తెలిసిన తరువాత ఆ పాటను మరొక్కసారి వినండి. ఆమె వాద్యంతో పోటీ పడుతున్నట్టు కాక, వాద్యం నేర్పిన భాషలో బదులు చెబుతున్నట్టు వినిపిస్తుంది.

రాగం ఆభేరి. త్యాగరాజస్వామి 'నగుమోము' కృతిని నేడు పాడుతున్న రాగమే. ఎక్కేటప్పుడు రిషభం, ధైవతం వదిలేసి, దిగేటప్పుడు అన్నిటినీ పలకరిస్తూ వచ్చే రాగం. దానిలో ఆర్తి ఉంది, వెలుగూ ఉంది. పాట మొదట్లో అరుణాచలం నాదస్వరం రాగాన్ని పరిచయం చేస్తుంది. చరణాల్లో గొంతుకు దారి ఇస్తుంది. స్వరాల దగ్గర ప్రశ్న వేస్తుంది. మైదానం నిండేటంత నాదం గల వాద్యం, ఒక పాతికేళ్ళ లోపు అమ్మాయి సన్నని గొంతు పక్కన నిలబడటానికి ఎంత తగ్గిందో గమనించండి. నాదం తగ్గింది కానీ నిండుదనం తగ్గలేదు. గురువు గారి పక్కన రెండో నాదస్వరం వాయించి నేర్చుకున్న విద్య ఇక్కడ అక్కరకు వచ్చింది. ఎదుటివారిని పెద్ద చేసి తానూ చిన్న కాకుండా ఉండటం ఆ విద్య.

ఆ పాట ఆయన పేరును తమిళదేశం దాటించింది. అయితే ఆ కీర్తిలో ఒక చిక్కు కూడా ఉంది. గంటల తరబడి ఒక రాగాన్ని విప్పగలిగిన విద్వాంసుడు కొద్ది నిమిషాల సినిమా పాటగా జనం జ్ఞాపకంలో మిగిలాడు. పెద్ద చెరువును చెంబులో తెచ్చి చూపించినట్టయింది. చెంబులో నీళ్ళు తియ్యగానే ఉన్నాయి. కానీ చెరువు ఎంతదో చెంబు చెప్పదు. ఆయనను తెలుసుకోవాలంటే ఆ పాట దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోకూడదు. రేడియో వారి దగ్గరా, రసికుల సేకరణల్లోనూ మిగిలిన ఆయన రాగాలాపనల దగ్గరకు వెళ్ళాలి.

అలా వెళ్ళడానికి మనకు మిగిలినది కొంతే. 'కొంజుం సలంగై' వచ్చిన రెండేళ్ళకే, 1964 ఏప్రిల్ 7న అరుణాచలం కన్నుమూశారు. గురువు పోయి అప్పటికి ఎనిమిదేళ్ళయినా నిండలేదు. అంటే గురువు నీడ దాటి తన ఎండలో తాను నిలబడిన కాలం అంత తక్కువ. నాదస్వరకారుడి బతుకులో నిద్ర తక్కువ, ప్రయాణం ఎక్కువ. రాత్రి వాద్యం, పగలు రైలు. వాద్యం నిండా ఊపిరి పోసేవారికి ఒళ్ళు మొదటి పెట్టుబడి. ఆ పెట్టుబడి కరిగిపోతున్నా వినేవారికి తెలియదు, నాదం నిండుగానే ఉంటుంది కనుక. 2021లో ఆయన శతజయంతి వచ్చింది. కోవిల్‌పట్టిలో ఆయనకు విగ్రహం ఉంది. నాయకులకు విగ్రహాలు లేని ఊరు మనకు కనిపించదు. నాదస్వరం పట్టుకున్న మనిషికి విగ్రహం పెట్టుకున్న ఊళ్ళు ఎన్ని ఉన్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టి చూడండి. అగ్గిపుల్లలు చేసుకు బతికే ఊరు ఆ పని చేసింది.

మన తెలుగుదేశంలో కూడా ఈ వాద్యానికి గొప్ప వారసత్వం ఉంది. ఒంగోలు దగ్గర కరవది గ్రామంలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ రాజరత్నం పిళ్ళై బాణీకి ముగ్ధులై, తంజావూరు పద్ధతి నేర్చుకుని శ్రీరంగంలో స్థిరపడ్డారు. రంగనాథుని సన్నిధిలో నాదస్వర సేవ చేశారు. 1998లో మద్రాసు సంగీత అకాడమీ వారి సంగీత కళానిధి బిరుదు అందుకుని, 1999లో గతించారు. చూడండి, ఒకే గురువు బాణీ ఒక తమిళుడిని కోవిల్‌పట్టిలోనూ, ఒక తెలుగు ముస్లింను శ్రీరంగంలోనూ నిలబెట్టింది. నాదానికి భాష అడ్డం రాలేదు, మతం అడ్డం రాలేదు. వాయించినవి ఎక్కువగా త్యాగయ్య గారి తెలుగు కృతులే.

ఇప్పుడు మన సంగతి చూసుకుందాం. పెళ్ళిలో మూడు ముళ్ళు పడే వేళకు "గట్టిమేళం, గట్టిమేళం" అని కేక వేస్తాం. వెంటనే డోలూ సన్నాయీ ఒక్కసారి హోరెత్తుతాయి. ఆ హోరు అవసరం ఏమిటంటే మరో అపశబ్దం వినపడకుండా ఉండటం. అంటే మనకు నాదస్వరం కావలసింది శబ్దాన్ని కప్పే శబ్దంగా! ఆ హోరుకు ముందు గంటసేపు, భోజనాల దగ్గర, పలకరింపుల మధ్య ఆ విద్వాంసుడు ఏ రాగం వాయించాడో ఎవరైనా గమనించామా? ఆయన పేరు అడిగామా? శుభలేఖలో పురోహితుడి పేరు, వంటవారి పేరు కూడా అచ్చువేసుకునే రోజుల్లో మేళంవారి పేరు ఎందుకు ఉండదు? రికార్డు పెట్టెలో నాదస్వరం మోగించి ముహూర్తం జరిపించేవారు కూడా ఉన్నారు. యంత్రం అలసిపోదు, నిజమే. కానీ తాళి కట్టే క్షణం కాస్త ముందైనా, వెనకైనా గమనించి రాగాన్ని అందుకు తగినట్టు మలచడం యంత్రానికి చేతకాదు.

తిరుపతిలో దేవస్థానం వారు నాదస్వరం, డోలు నేర్పే పాఠశాల నడుపుతున్నారు. పిల్లలు అక్కడ చేరాలంటే, నేర్చినవారికి రేపు బతుకు ఉంటుందన్న నమ్మకం తల్లిదండ్రులకు కలగాలి. ఆ నమ్మకం ప్రభుత్వం ఒక్కటే ఇవ్వలేదు. వినేవారు ఇవ్వాలి. మీ ఊరి గుడి ఉత్సవంలో మేళం వస్తే పదినిమిషాలు పల్లకీ వెనుక కాకుండా ముందు నడవండి. మీ ఇంట శుభకార్యమైతే మేళంవారికి కూర్చోవడానికి వేదిక మీద చోటు చూపించండి. ముహూర్తానికి ముందు ఒక పావుగంట, అతిథులందరూ మాటలు ఆపి వినేటట్టు ఒక కృతి వాయించమనండి. వాయించిన తరువాత ఆయన పేరు నలుగురికీ చెప్పండి. ఇందులో ఖర్చు ఏమీ లేదు.

రాజరత్నం పిళ్ళై కోరుకున్నది ఆ గౌరవమే. కారుకురిచ్చి అరుణాచలానికి కోవిల్‌పట్టి ఇచ్చింది ఆ గౌరవమే. కరువు నేలలో, కావేరికి దూరంగా అంతటి విద్వాంసుడు నిలిచాడంటే అక్కడ ఆయనను విన్న జనం ఉన్నారని అర్థం. ఈసారి రేడియోలో 'నీ లీల పాడెద దేవా' వినిపించినప్పుడు, పాడినది జానకి అని పిల్లలకు చెబుతారు కదా. ఆ రెండో గొంతు కోవిల్‌పట్టి నాదస్వరం అనీ, ఆయన పేరు కారుకురిచ్చి అరుణాచలం అనీ కూడా చెప్పండి.